చెప్పులు విడిచిన చోట వినబడిన మొర

ప్రశ్న: నా వయసు 61. మెదక్ దగ్గరి ఒక పల్లెలో పుట్టి పెరిగాను. ఉద్యోగరీత్యా 1994లో హైదరాబాదు వచ్చి, పదవీ విరమణ తరువాత మియాపూర్ వైపు స్థిరపడ్డాను. మా ఊరి చర్చి గుడిలో గడప దగ్గర చెప్పులు విడిచి, తల వంచి లోపలికి వెళ్ళేవాళ్ళం; ఆరాధన ముగిసేదాకా పిల్లలు కూడా నోరు విప్పేవారు కాదు. ఇప్పుడు మేము వెళ్ళే క్రైస్తవ సంఘం ఒక ఫంక్షన్ హాలులో కూడుకుంటుంది. డ్రమ్ముల హోరు, ప్రసంగం మధ్యలో వాట్సాప్, బాప్తిస్మాల రోజున ఫోటోల కోసం తోపులాట, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) ఇంకా జరుగుతుండగానే పార్కింగు వైపు పరుగులు. గత నెల మొదటి ఆదివారం, రొట్టె విరుస్తున్న సమయంలో ఫోను చూసుకుంటున్న ఒక కుర్రవాణ్ణి లేచి నిలబడి అందరి యెదుట మందలించాను. అతను మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు. అసోసియేషన్ కార్యదర్శిగా వాళ్ళ నాన్నకు జీతం ఇచ్చేది నేనే కనుక, ఆ చనువుతోనే చెప్పాను. ఆనాటి నుంచి అతను రావడం లేదు. పాస్టరుగారేమో నన్నే తగ్గమన్నారు. సంఘంలో దైవభయం మళ్ళీ నెలకొనాలంటే ఏమి చేయాలి? లేక పద్ధతి ఇంకా మిగిలి ఉన్న పాత సంఘానికి మారిపోవడమే మేలా?
— ఒక సహోదరుడు, హైదరాబాదు

సమాధానం:

ప్రియ సహోదరునికి, ప్రభువు నామమున వందనములు.

మీ ఉత్తరంలోని ఫిర్యాదును వయసు మీద పడినవారి చాదస్తమని కొట్టిపారేసేవారు మీ సంఘంలో ఉండే ఉంటారు. నేను వారిలో ఒకణ్ణి కాను. దేవుని మందిరమునకు పోవునప్పుడు నీ ప్రవర్తన జాగ్రత్తగా చూచుకొనమని, దేవుడు ఆకాశమందున్నాడు నీవు భూమిమీద ఉన్నావు గనుక నీ మాటలు కొద్దిగా ఉండవలెనని ప్రసంగి 5వ అధ్యాయం చెబుతున్నది. ప్రభువు అప్పగింపబడిన రాత్రిని జ్ఞాపకం చేసుకునే పది నిమిషాలలో కారు తాళాలు చేతిలో పట్టుకుని కూర్చునే మనిషి, తాను ఎవరి యెదుట కూర్చున్నాడో మరచిపోయాడనే అనుకోవాలి. శరీరం నేర్చుకున్నదే మనసుకు ఎక్కుతుంది; వంగని మోకాలితో వినయం అలవడడం కష్టం. గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను ప్రార్థనా మందిరంలో, సువార్తికుడు భక్తసింగ్ గారి కాలం నుంచి చెప్పులు బయట విడిచి, చాపల మీద నేలపై కూర్చుని ఆరాధించే అలవాటు ఉన్నది. దానిలో నాకు అన్నిటికన్నా నచ్చేది నిశ్శబ్దం కాదు, ఆఫీసరూ కూలీ ఒకే చాప మీద మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చోవడం, ఆరాధన ముగిశాక ఒకే పంక్తిలో ప్రేమవిందు తినడం. అక్కడ భక్తి మర్యాదా మనుషుల మధ్య మర్యాదా ఒకే అలవాటులో కలిసిపోయాయి.

మీ ఉత్తరంలో ఆ రెండూ విడిపోయినట్టు నాకు కనబడింది. అది ఎక్కడో చెప్పే ముందు, భయం అనే మాట గురించి కొంత చెప్పనివ్వండి.

మన తెలుగు బైబిలు అనువాదకులు హెబ్రీ భాషలో ఒక్కటే మాట ఉన్న చోట చాలాసార్లు భయభక్తులు అని జంటపదం వేశారు. "యెహోవాయందు భయభక్తులు కలిగియుండుట తెలివికి మూలము" అని సామెతలు 1:7లో చదువుతాము. వారు ఈ పదాన్ని గాలిలోంచి తెచ్చుకోలేదు, మన ఇళ్ళలోంచి తీసుకున్నారు. పెద్దలంటే భయభక్తులు లేవని తల్లి కొడుకును కోప్పడినప్పుడు, కొడుకు తనను చూసి వణకడం లేదని ఆమె బాధపడుతున్నట్టు కాదు. ఎదుటి మనిషి ఎంతటివాడో గుర్తించి తన చేతినీ నోటినీ అదుపులో పెట్టుకోవడం వాడికి రాలేదని ఆమె బాధ. సీనాయి కొండ దగ్గర మోషే ప్రజలతో భయపడకండి అని చెప్పి, మీరు పాపము చేయకుండునట్లు ఆయన భయము మీకు కలుగవలెనని దేవుడు వచ్చాడని అదే వాక్యంలో (నిర్గమకాండము 20:20) చెప్పడం పైకి వింతగా ఉంటుంది గాని, ఈ ఇంటి మాటతో చూస్తే చిక్కు విడిపోతుంది. పారిపోయేలా చేసే భయం ఒకటి, చేయి ఎత్తకుండా ఆపే భయం ఇంకొకటి. మనం నిలుపుకోవలసినది రెండవది.

ఇక చెప్పుల సంగతి. మండుతున్న పొద దగ్గర దేవుడు మోషేతో నీ పాదములనుండి నీ చెప్పులు విడువుము, నీవు నిలిచియున్న స్థలము పరిశుద్ధ ప్రదేశము అన్నాడు. అది నిర్గమకాండము 3వ అధ్యాయం 5వ వచనం. మనం సాధారణంగా అక్కడ పుస్తకం మూసేస్తాము. 7వ వచనంలో అదే స్వరం, అదే పొదలోంచి, ఐగుప్తులోనున్న నా ప్రజల బాధను నిశ్చయముగా చూచితిని, పనులలో తమ్మును కష్టపెట్టువారినిబట్టి వారు పెట్టిన మొరను వింటిని అంటున్నది. మోషే చెప్పులు విడిచి నిలబడింది ఆ మొరను విని దానికి కదలడానికే. పాదాలకు పరిశుద్ధత నేర్పిన దేవుడు రెండు వచనాల తరువాత ఐగుప్తులో బానిసలుగా ఇటుకలు చేసే పనివారి గురించి మాట్లాడాడు. మీ మెదక్ కథీడ్రల్ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ మందిరపు పని, మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ గారి ఆధ్వర్యంలో, కరువులో అల్లాడుతున్న జనానికి పని ఇచ్చి అన్నం పెట్టడంతో ముడిపడి సాగిందని మీ పల్లె పెద్దలు చెప్పుకోగా మీరూ విని ఉంటారు. 175 అడుగుల ఆ గోపురాన్ని చూసి మీ తాతలు తల వంచింది ఎత్తుకు మాత్రమే కాదని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మోషే ధర్మశాస్త్రంలో నీ దేవునికి భయపడవలెను అనే ఆజ్ఞ ఏ సందర్భాలలో వస్తుందో ఒకసారి చూడండి. చెవిటివాణ్ణి తిట్టవద్దు, గ్రుడ్డివాని దారికి అడ్డం వేయవద్దు, నీ దేవునికి భయపడవలెను అని లేవీయకాండము 19:14. తల నెరసిన వాని యెదుట లేచి నిలబడు, నీ దేవునికి భయపడవలెను అని అదే అధ్యాయం 32. నీ దగ్గర పని చేసే సహోదరుణ్ణి కఠినంగా ఏలవద్దు, నీ దేవునికి భయపడవలెను అని 25:43. తిట్టినా చెవిటివానికి వినబడదు, ఎవరు అడ్డం పెట్టారో గ్రుడ్డివానికి తెలియదు, పనివాడికి తెలిసినా తిరిగి అనలేడు. అంటే తిరిగి ఏమీ చేయలేని మనిషి మన యెదుట ఉన్నప్పుడే దేవుడు తన భయాన్ని గుర్తు చేస్తున్నాడు. మలాకీ 3:5 దీనిని ఇంకా సూటిగా చెబుతుంది: కూలివాని కూలి విషయంలో బాధపెట్టేవారిని, విధవరాండ్రను తండ్రిలేనివారిని బాధించేవారిని, పరదేశికి అన్యాయం చేసేవారిని వరుసగా చెప్పి, వీరు నాకు భయపడనివారు అని దేవుడే పేరు పెట్టాడు. డ్రమ్ములు ఆ వరుసలో లేవు.

కాబట్టి మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఫోను గురించినది కాదు. "వాళ్ళ నాన్నకు జీతం ఇచ్చేది నేనే కనుక, ఆ చనువుతోనే చెప్పాను" అని రాశారే, అదీ. సహోదరా, దానిని చనువు అనరు. చనువు ఇటునుంచీ అటునుంచీ నడుస్తుంది. మీరు ఫోను చూసుకుంటే ఆ కుర్రవాడు లేచి నిలబడి మిమ్మల్ని మందలించగలిగినప్పుడు దానికి చనువు అని పేరు పెట్టవచ్చు. అదే హాలులో వాట్సాప్ చూసేవారు, పార్కింగుకు పరుగెత్తేవారు చాలామంది ఉన్నారని మీరే రాశారు. వారిలో డాక్టర్లూ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లూ, కానుకల సంచిలో బరువైన కవరు వేసేవారూ ఉండే ఉంటారు. మీరు లేచి నిలబడింది మాత్రం ఒక్కరి విషయంలో. మీరు కావాలని ఎంచుకున్నారని నేను అనను. కోపానికి పల్లం ఎటు ఉందో నీటికి తెలిసినంత బాగా తెలుసు.

మిమ్మల్ని ఇంత మాట అనడానికి నాకు అర్హత ఎక్కడిదంటే, ఆ తప్పు నేనూ చేసి ఉన్నాను. సుమారు ఇరవై ఏళ్ళ కిందట సికింద్రాబాదులోని ఒక సంఘంలో సంఘపెద్దగా ఉన్న రోజులలో, శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు సిలువలో పలికిన ఏడు మాటల ధ్యానం జరుగుతున్నది. నాలుగవ మాట దగ్గర ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంది. నేను వెనుక వరుసకు వెళ్ళి, ఆ తల్లిని బయట కూర్చోమని చేతితో సైగ చేశాను. మిగిలిన మూడు మాటలూ ఎంతో నిశ్శబ్దంగా సాగాయి, నాకు తృప్తిగా కూడా ఉండింది. ఆమె రెండు బస్సులు మారి వచ్చిందనీ, ఆ ఎండలో నీడ లేని ఆవరణలో పిల్లను చీర కొంగుతో కప్పుకుని గంటకు పైగా నిలబడిందనీ తరువాత తెలిసింది. వెళ్ళి మాట్లాడాలని నాకు అనిపించేనాటికి ఆ కుటుంబం ఇల్లు మారిపోయింది. నా దేవా నా దేవా నన్నేల చెయ్యి విడిచితివి అని ప్రభువు వేసిన కేకను ధ్యానిస్తూ, పక్కనే వినబడిన కేకను బయటికి పంపించినవాణ్ణి నేను.

మందిరంలో క్రమం కావాలనేవారు ప్రభువు దేవాలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడద్రోసిన సంగతి ఎత్తుతారు, నేనూ ఎత్తేవాణ్ణి. మత్తయి 21లో ఆ తరువాతి రెండు వచనాలు చదివితే, బల్లలు తొలగిన ఆ చోటికి గ్రుడ్డివారూ కుంటివారూ వచ్చి స్వస్థత పొందడం, చిన్నపిల్లలు హోసన్నా అని కేకలు వేయడం కనిపిస్తాయి. ఆ కేకలకు కోపపడినవారు ప్రధానయాజకులు, శాస్త్రులు.

మీ మందలింపు బల్ల దగ్గర జరిగింది కాబట్టి అపొస్తలుడైన పౌలు ఉత్తరం రాసిన కొరింథు సంఘాన్ని తప్పక తలచుకోవాలి. అయోగ్యముగా రొట్టె తినడం అనే మాట విని మనలో ఎందరో, ముఖ్యంగా స్త్రీలు, ఇంట్లో జరిగిన చిన్న గొడవకే భయపడి బల్లకు దూరంగా కూర్చుంటారు. తమను తాము పరీక్షించుకోవడం మంచిదే గాని, పౌలు ఆ హెచ్చరిక రాసిన సందర్భం వేరు. ఆ సంఘంలో కలిగినవారు ముందుగా వచ్చి తమ భోజనం తాము తినేసేవారు. లేనివారు వచ్చేసరికి ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుగా ఉండేవాడు. దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరుస్తారా అని పౌలు అడిగింది అందుకే (1 కొరింథీయులు 11:22). వారి పాటల ధ్వని ఎంత ఉన్నదో ఆయన అడగలేదు. ఆ అధ్యాయం చివర ఆయన చెప్పిన మందు కూడా చాలా మామూలు మాట: భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి. రొట్టె విరిచే వేళ ఒక పేదవాని కొడుకు అందరి యెదుట సిగ్గుపడి తల దించుకుని వెళ్ళిపోయినప్పుడు, ఆ ఉదయం బల్లకు జరిగిన అమర్యాద ఫోనుతో ముగియలేదని మీకే తోచాలి.

అతను ఫోనులో ఏమి చూస్తున్నాడో మీరు రాయలేదు, నేనూ అడగను. బైబిలు యాప్ అయినా, క్రికెట్ స్కోరు అయినా నా మాట మారదు. చెప్పవలసి వస్తే చెప్పే తీరు ఒకటి ఉన్నది: తప్పు చేసిన సహోదరుని దగ్గరకు ఒంటరిగా వెళ్ళమని ప్రభువు మత్తయి 18:15లో అన్నాడు, యౌవనులను అన్నదమ్ములుగా భావించి హెచ్చరించమని పౌలు తిమోతికి రాశాడు. పక్కన కూర్చుని భుజం మీద చేయి వేసి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు ఏమి చేయాలంటే, మొదట అతని దగ్గరకు వెళ్ళండి. అతణ్ణి మీ ఫ్లాటుకు పిలిపించుకోకండి. కార్యదర్శిగారు పిలిచారంటే తండ్రి పని పోతుందేమోనని ఆ ఇంట్లో అన్నం సహించదు. పాస్టరుగారిని వెంటబెట్టుకుని కూడా వెళ్ళకండి. వాచ్‌మన్ గదికి మనం ఎప్పుడైనా వెళ్ళినా గుమ్మం బయటే నిలబడి పేరు పెట్టి కేక వేయడం అలవాటు. మీరు ఈసారి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, వారు ఏది చూపిస్తే దాని మీద కూర్చోండి. అక్కడ మీ ఉద్దేశం మంచిదని వివరించవద్దు. ఫోను సంగతి ఎత్తవద్దు. అందరి యెదుట నిన్ను అలా అనడం నా తప్పు, నన్ను క్షమించు అని ఆ కుర్రవాడితో, అతని తల్లిదండ్రులు వింటుండగా చెప్పండి. మందలింపు అందరి యెదుట జరిగింది గనుక క్షమాపణ కూడా సంఘం యెదుట చెప్పాలా అనే సందేహం మీకు వస్తుంది. న్యాయంగా చెప్పాలి, అయితే అతని పేరు రెండోసారి మైకులో వినబడితే అతనికి ఇంకా ఇబ్బంది కావచ్చు, కాబట్టి అతణ్ణే అడిగి, అతను వద్దంటే ఊరుకోండి. మళ్ళీ రమ్మని బలవంతం చేయకండి. జీతం ఇచ్చే మనిషి రమ్మంటే అది ఆహ్వానం కాదు.

మీ చేతిలో ఉన్న ఇంకొక పని ఉన్నది. నా దృష్టిలో మీరు అడిగిన దైవభయానికి ఇదే అన్నిటికన్నా దగ్గర. ఆ తండ్రికి వారంలో ఒక రోజు సెలవు ఉన్నదా? మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం సెల్లారులోని గదిలో ఉంటూ, తెల్లవారుజామున మోటారు వేయడం నుంచి అర్ధరాత్రి గేటు తీయడం దాకా గడియారం లేకుండా పని చేస్తుంది. విశ్రాంతిదినపు ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము 5:14లో నీ దాసుడును నీ దాసియు నీవలె విశ్రమించునట్లు అని ముగుస్తుంది. మీరు ఆదివారం తొమ్మిదిన్నరకు తెల్లబట్టలు కట్టుకుని ఆరాధనకు బయలుదేరేటప్పుడు ఆ గేటు తీసేది ఎవరు? అసోసియేషన్ సమావేశంలో వారానికొక సెలవు, ఆ రోజుకు బదులు మనిషి, నెల మొదటి తేదీనే జీతం అనే మూడు విషయాలను మీరే ప్రతిపాదించండి. కొందరు నెలవారీ మెయింటెనెన్సు పెరుగుతుందని గొణుగుతారు, గొణగనివ్వండి. ఆ కుటుంబం క్రైస్తవులైనా కాకపోయినా మీరు చేయవలసింది ఇదే.

సంఘపు క్రమం విషయానికి వస్తే, దానిని వదిలేయమని నేను అనడం లేదు. కుర్రవాని సంగతి సరిచేసుకున్న తరువాత మీ మాటకు బరువు వస్తుంది, అప్పుడు పాస్టరుగారితో కూర్చోండి. బల్లకు ముందు రెండు నిమిషాల మౌనం పెట్టవచ్చు. మన సంఘాలలో మైకు ఒక్క క్షణం ఖాళీగా ఉంటే ఏదో తప్పు జరిగినట్టు కీబోర్డు మోగించేస్తారు, అది మాన్పిస్తే చాలు సగం పని అవుతుంది. ప్రకటనలను చివర కాకుండా ఆరంభంలో చదివితే, అవి వినే నెపంతో సామాన్లు సర్దుకోవడం తగ్గుతుంది. బాప్తిస్మాల ఫోటోలు తీయడానికి ఒక్కరినే నియమించి, అందరికీ తరువాత పంపిస్తామని ముందే చెప్పవచ్చు. ఇవన్నీ చిన్న ఏర్పాట్లు, గొడవ లేకుండా జరిగిపోతాయి.

డ్రమ్ముల గురించి మీతో నాకు పూర్తిగా ఏకీభావం లేదు. మ్రోగు తాళములతో స్తుతించమని కీర్తనల గ్రంథం చివరి పుటలోనే ఉన్నది. మీ చెవికి హోరు అనిపించేది ఇరవై ఏళ్ళవానికి కన్నీళ్ళు తెప్పించవచ్చు. కాని ఆ ధ్వని గోడ దాటి పక్క ఇంటిలోని ముసలివారినీ పరీక్షలకు చదువుకునే పిల్లలనూ బాధిస్తున్నదా అన్నది వేరే ప్రశ్న, దానిని మీరు తప్పక లేవనెత్తండి. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఆ సరిహద్దులు పాటించని రాత్రంతా ప్రార్థన, పొరుగువాని నిద్రను అతని అనుమతి లేకుండా కానుకగా వేయడమే.

ఇక సంఘం మారడం. పాత పద్ధతి ఆరాధన మీద ఆశ పుట్టడం పాపమేమీ కాదు. అబిడ్స్‌లోనూ సికింద్రాబాదులోనూ ప్రార్థనలను పుస్తకంలోంచి నెమ్మదిగా చదివి, బల్ల దగ్గర మోకరించే సంఘాలు ఇంకా ఉన్నాయి, ఎప్పుడైనా ఒక ఆదివారం వెళ్ళి ఆ నిశ్శబ్దంలో కూర్చుని రండి. కాని ఇప్పుడు మారవద్దు. ఇప్పుడు వెళితే అలిగి వెళ్ళినట్టవుతుంది, ఆ కుర్రవాని ఖాళీ కుర్చీ మీ వెనుక అలాగే ఉండిపోతుంది. కొన్ని నెలలు ఆగి, ఎవరి మీదా ఫిర్యాదు లేకుండా వెళ్ళగలనని మీకు తోచిననాడు పాస్టరుగారికి చెప్పి, ఆశీర్వాదం తీసుకుని వెళ్ళండి.

వచ్చే బల్ల ఆదివారానికి ఇంకా కొన్ని రోజుల వ్యవధి ఉన్నది. అర్పణ తెచ్చినప్పుడు సహోదరునికి నీమీద విరోధమేమైన ఉన్నదని జ్ఞాపకం వస్తే ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పింది మీరు కంఠస్థం చేసినదే. నాలాగ ఆలస్యం చేయకండి. సెల్లారు గదులలోని కుటుంబాలు చెప్పకుండానే ఊరికి వెళ్ళిపోతూ ఉంటాయి. ఈ రోజు సాయంత్రం అతను ఇంట్లో ఉండే వేళ కనుక్కుని వెళ్ళండి, ఏమి జరిగిందో వీలైతే నాకు రాయండి.